ఏలూరు సీమలో నీరింకు వేగము

విజ్జేశ్వరమువద్ద గోదావరినుండి బయలుదేరి, నిడదవోలు తాడేపల్లిగూడెములను ఒరసికొనుచు పడమటి దిక్కుగా సాగి ఏలూరు చేరు కాలువ గట్టువెంబడి నడచువానికి, కుడిచేతి వైపున ఎఱ్ఱని మెట్టయు, ఎడమచేతి వైపున నల్లని పల్లమును స్థూలముగా కనుపించును. ఈ రెండు భూములకు గల భేదమును మంటిరంగునుబట్టియు, పండెడు పంటనుబట్టియు, ఎకరమునకు పలుకు వెలనుబట్టియు చెప్పుట లోకమున వాడుక. ఒకవైపున పుగాకు, నిమ్మ, జీడిమామిడి, ఆయిల్‌పామ్ తోటలు. మఱియొకవైపున సార్వా దాళ్వాల వరిచేలు, వాటికి దిగువను కొల్లేటి లంకలు, చేపల చెరువులు. కాని ఈ భేదములలో పెక్కింటికి అడుగున నున్న కారణము, నేలపై నిలిచిన నీరు ఎంత కాలములో ఎంత లోతు లోపలికి దిగుననునది. మెట్టలోని ఇసుకపాలు హెచ్చైన చెలక ఒక గంటలో అంగుళమునకు మించిన నీటిని త్రాగివేయగా, కొలది మైళ్ల దూరములోని కొల్లేటి బంకనేల అంతే నీటిని దినములతరబడి తన పైననే నిలిపియుంచును.

నీరింకు వేగమును కొలుచుట నేటి విజ్ఞానగ్రంథములలో ఒక చిన్న ప్రకరణము మాత్రమే. అయినను ఏలూరు, తాడేపల్లిగూడెము, కొల్లేరు కలిసిన ఈ సీమ చరిత్రను ఆ కొలత దృష్టితో చదివినచో, స్థపతులు, రైతులు, ఇంజనీర్లు, శాసనకర్తలు చేసిన పనులెన్నో ఒకదానితో నొకటి పెనవేసికొనియున్నట్లు తెలియవచ్చును. అంతేకాదు, ఈ వేగమునకు స్వతస్సిద్ధమైన మంచిగాని చెడ్డగాని లేదని కూడ స్పష్టమగును. ఇల్లు కట్టువాడును, వరి నాటువాడును, నూయి త్రవ్వువాడును ఒకే సంఖ్యను చూచి మూడు విధములైన తీర్పులు చెప్పుదురు. తీర్పులు వేఱు కావచ్చును గాని, తీర్పునకు ముందు కొలత యుండవలెను. కొలువక చేసిన నిర్ణయముల భారమును ఈ సీమ నేటికిని మోయుచున్నది.

ఈ పరీక్ష మన దేశమున లిఖితరూపమును స్పష్టముగా పొందిన ప్రాచీనస్థానములలో ఒకటి గృహవాస్తుశాస్త్రము. క్రీ.శ. 6వ శతాబ్దివాడైన వరాహమిహిరుడు తన బృహత్సంహితలోని వాస్తువిద్యాధ్యాయమున, ఇల్లు కట్టదలచిన చోట మూరెడు గుంటను త్రవ్వి, తీసిన మన్నును తిరిగి అందులోనే పోసి, మన్ను మిగిలినచో ఆ స్థలము ఉత్తమమనియు, సరిపోయినచో మధ్యమమనియు, చాలనిచో అనిష్టమనియు నిర్ణయించెను. అంతటితో నిలువక, ఆ గుంటను నీటితో నింపి, నూఱడుగులు నడచి తిరిగివచ్చి చూచునప్పటికి నీరు తగ్గకున్నయెడల అది ప్రశస్తమైన భూమి యని మఱియొక పరీక్షను గూడ చెప్పెను. దక్షిణదేశపు శిల్పశాస్త్రమైన మయమతము ఇదే గుంట పరీక్షకు దీర్ఘమైన గడువు నిచ్చినది: రాత్రి నీటితో నింపి, ప్రాతఃకాలమున పరిశీలించి, నీరు కొంత మిగిలియున్నచో గ్రహింపవచ్చుననియు, గుంట ఎండిపోయినచో ధనధాన్యక్షయమనియు ఆ గ్రంథము చెప్పుచున్నది.

శుభాశుభఫలములను ప్రక్కన నుంచి ఈ విధిని చూచినచో, ఇందులో శాస్త్రీయపరీక్షకు వలసిన అంగములు చాలవఱకు కలవు. గుంటకు నియతమైన పరిమాణము కలదు. కాలమునకు నియతమైన మానము కలదు, గడియారము లేని దినములలో నూఱడుగుల నడకయే గడియారము. ఒకే విధముగా చేసిన పరీక్షచేత ఒక స్థలమును మఱియొక స్థలముతో పోల్చుటకు వీలు కలదు. పోయి వచ్చుటకు పట్టు రెండు నిమిషముల వ్యవధిలో ఇసుకనేలలోని గుంట కంటికి కనబడునంతగా తగ్గును. బిగువైన నేలలోని గుంట తగ్గదు. లేనిది ఒక్క సంఖ్య మాత్రమే: ఎంత తగ్గినదని ఆ విధి అడుగదు, తగ్గినదా లేదా యని మాత్రమే అడుగును. పునాదికి గట్టినేలను వెదకు గృహస్థునకు అంత చాలును. వరాహమిహిరుడే అదే గ్రంథములో దకార్గళమను అధ్యాయమున, చెట్లను, పుట్టలను, శిలలను, మంటిరంగులను గుఱుతులుగా గొని భూగర్భజలమును వెదకు పద్ధతిని విపులముగా చెప్పినాడు. పైనున్న నీరు క్రిందికి దిగుట ఒకచోట దోషమైనట్లే, క్రింద నీరుండుట మఱియొకచోట భాగ్యమైనది. ఆ రెండింటికి నడుమ గల కార్యకారణసంబంధమును సంఖ్యారూపమున పట్టుకొనుటకు ఇంకను పదునాలుగు శతాబ్దములు పట్టినది.

అంతవఱకు ఈ విద్యను కాపాడినవారు రైతులు. మెట్టరైతు వాన వెలిసిన వెంటనే పొలమునకు పోయి, గునపముతో మన్ను పెళ్లగించి పదును ఎంత దిగినదో చూచును. జానెడు దిగినదా, మూరెడు దిగినదా, పైతడి అడుగునున్న చెమ్మతో కలిసినదా అని విచారించి, దుక్కికి పోవుటయో, విత్తుటయో, ఇంకొక వానకై వేచియుండుటయో నిశ్చయించుకొనును. ప్రభుత్వపు వానకొలపాత్ర ఆకాశమునుండి పడినదానిని చెప్పును. గునపము నేల పుచ్చుకొన్నదానిని చెప్పును. రెండంగుళముల వాన ఒక్క అరగంటలో కురిసి వాగులపాలైనచో పాత్రలో రెండంగుళములే యుండును గాని పొలములో బెత్తెడు పదునైనను ఉండకపోవచ్చును. వానకును పదునుకును గల ఈ వ్యత్యాసము మెట్టవ్యవసాయమునకు మొదటి పాఠము.

పల్లపురైతు చేసినది ఇంతకంటె సాహసమైన పని. అతడు నీరింకు వేగమును చూచి ఊరకుండక, దానిని తన చేతులతో మార్చినాడు. నాటుకు ముందు మడిలో నీరు నిలిపి, మరల మరల దున్ని, బల్ల తోలి, మన్నును మెత్తని బురదగా చేయుటను దమ్ము చేయుట యందురు. నారు సులభముగా దిగుట, కలుపు అణగుట, మడి చదునగుట దీనివలని ఫలములని అందఱకును తెలిసినదే. కాని వీటన్నింటికంటె గొప్ప ఫలము కంటికి కనబడనిది. దమ్ములో మంటిగడ్డలు చిట్లి, వాటి నడుమనున్న రంధ్రములు చెడి, సన్నని బంకరేణువులు నీటిలో తేలి, మెల్లగా అడుగునకు చేరి, మిగిలిన సందులను మూసివేయును. దానికి దిగువను, ఏటేట పశువుల గిట్టలును నాగలి అడుగును త్రొక్కినచోట, గట్టిపొర యొకటి ఏర్పడును. ఈ రెంటివలన నీరు దిగు వేగము ఎన్నో రెట్లు తగ్గును. గట్ల అంచులు చెక్కి బురద మెత్తుటయు, ఎండ్రకాయల బొరియలు వెదకి పూడ్చుటయు ఈ పనిలోని భాగములే. అంతర్జాతీయ వరి పరిశోధనసంస్థ లెక్కలనుబట్టి, బరువైన బంకనేల మడిలో ఇంకియు ఊరియు పోవు నీరు దినమునకు 1 నుండి 5 మిల్లీమీటర్లు. ఇసుకనేలలో అది 25 నుండి 30 మిల్లీమీటర్ల వఱకు ఉండును. ఈ రెండు సంఖ్యల నడుమనున్న అంతరమే వరిపంటకు ఎల్లలు గీచినది. ఎఱ్ఱచెలకలో వరి ఎందుకు పండింపరని అడిగినవానికి మెట్టరైతు, నీరు నిలువదని ఒక్క మాటతో సమాధానము చెప్పును. ఆ మాటలో ఒక శాస్త్రశాఖ సారమంతయు ఇమిడియున్నది.

1832–33 నాటి నందన కరవులో కృష్ణా గోదావరీ మండలములు పడిన దుర్గతి తరువాత, సర్ ఆర్థర్ కాటన్ గోదావరికి ఆనకట్ట కట్టవలెనని వాదించి, 1847లో ధవళేశ్వరమువద్ద పనిని ఆరంభించి 1852 నాటికి ముగించెను. ఆ సంవత్సరమే బెజవాడవద్ద కృష్ణానదిపై ఆనకట్ట మొదలై 1855లో పూర్తియైనది. ఇసుకపై కట్టిన కట్టడము నిలుచునన్న ధైర్యమును కాటనునకు ఇచ్చినది కావేరిపై చోళులు నిర్మించిన కల్లణై. రెండు నదులనుండి రెండు కాలువలు ఏలూరువైపునకు త్రవ్వబడి, ఆ పట్టణమున కలిసికొనినవి. నౌకలు గోదావరినుండి కృష్ణకు పోవుటకు మార్గమేర్పడి, ఏలూరు రెండు డెల్టాలకును కూడలియైనది.

కాలువ త్రవ్వుట ఒక యెత్తు. దానిలోని నీరు ఎన్ని ఎకరములకు చాలునో నిర్ణయించుట మఱియొక యెత్తు. సెకనునకు ఒక ఘనపుటడుగు చొప్పున పంట కాలమెల్ల పాఱు నీరు ఎన్ని ఎకరములను పండించునో దానిని ఇంజనీర్లు డ్యూటీ అనిరి. ఆ సంఖ్య వెనుక నేల యెట్లు దాగియున్నదో ఒక చిన్న లెక్క చూపును. సెకనునకు ఒక ఘనపుటడుగు చొప్పున ఒక అహోరాత్రము పాఱిన నీటిని ఒక్క ఎకరముపై నిలిపినచో దాని లోతు సుమారు 600 మిల్లీమీటర్లగును. వరిచేను దినమునకు 5 మిల్లీమీటర్లు ఆవిరిగా వదలి 3 మిల్లీమీటర్లు నేలలోనికి పోగొట్టుకొనినచో, మొత్తము 8 మిల్లీమీటర్ల వంతున ఆ నీరు 75 ఎకరములకు చాలును. నేలలోనికి పోవునది 25 మిల్లీమీటర్లైనచో అదే నీరు 20 ఎకరములకు మాత్రమే చాలును. పై ఆవిరి రెండు చోట్లను ఒక్కటే, నది ఒక్కటే, కాలువ ఒక్కటే. భేదమంతయు నేల త్రాగు వేగములోనిది. గోదావరి డెల్టా భాగ్యమునకు కాటను దీక్ష ఎంత కారణమో, నదులు యుగయుగములుగా తెచ్చి పఱచిన బంకమన్నును అంత కారణము. ఆ మన్నును దమ్ముచేసి బిగించిన రైతుకూలీల రెక్కలకష్టమును అంత కారణము. చరిత్రగ్రంథములు మొదటిదానిని విస్తరించి చెప్పినవి. తక్కిన రెండింటికిని తగిన స్థానము ఇవ్వవలసియున్నది.

బెజవాడ ఆనకట్ట ముగిసిన కాలముననే ఫ్రాన్సుదేశపు దిజోన్ పట్టణములో హెన్రీ డార్సీ అను ఇంజనీరు, నిలువుగొట్టములో ఇసుకను నింపి దానిగుండ నీటిని పంపి, నీరు దిగు పరిమాణము పైనున్న నీటి ఒత్తిడికి అనులోమముగను, ఇసుకపొర మందమునకు విలోమముగను ఉండునని కనుగొనెను. ఈ ఫలితము 1856లో ఆ పట్టణపు మంచినీటి సరఫరాను గూర్చి అతడు వ్రాసిన గ్రంథములో వెలువడినది. భూమిలో నీటి నడకకు ఇది మూలసూత్రమైనది. ఒకచోట జనులకు స్వచ్ఛమైన నీరును, ఒకచోట ధాన్యమును సమకూర్చవలెనన్న ఆవశ్యకతలు, ఒకే దశాబ్దమున, ఒకరినొకరు ఎఱుగని మనుష్యులచేత ఇసుకను నీటిని గూర్చి ఆలోచింపజేసినవి.

మెట్టక్రింద ఏమున్నదో మొదట క్రమపద్ధతిని వివరించినది భారతభూగర్భ పరిశోధనశాఖకు చెందిన విలియం కింగ్. అతడు 1880లో ప్రకటించిన గోదావరి మండల తీరప్రాంత భూగర్భవివరణలో, నూజివీడు ప్రాంతపు గొల్లపల్లి పేరిటను, చింతలపూడి ప్రాంతపు రాఘవాపురము పేరిటను, చిన తిరుపతి యని ప్రసిద్ధమైన ద్వారకాతిరుమల పేరిటను మూడు శిలాశ్రేణులను గుర్తించెను. వీటిలో మొదటిదియు చివరిదియు ప్రధానముగా ఇసుకరాళ్లు. నడుమనున్నది జేడిమంటి పలకలవంటి షేలు. ఇసుకరాయి నీటిని లోనికి గ్రహించి నిలువ చేసికొనును. షేలు దానిని అడ్డగించును. కావుననే మెట్టలో ఒక ఊరి నూయి నిండుగా నుండగా ప్రక్క ఊరి నూయి వట్టిపోవుట కలదు. మెట్టభూముల వానలో కొంతభాగము ఈ ఇసుకరాళ్లలో దిగి దూరదూరములకు సాగుచున్నది. మిగిలినది తమ్మిలేరు, బుడమేరు, రామిలేరు, గుండేరులవెంట పైపైనే పరుగెత్తి కొల్లేటిలో పడుచున్నది. ఇంకిన భాగమెంత, పరుగెత్తిన భాగమెంత అన్నదే మెట్టకు నీటికరవును, పల్లమునకు వరదను నిర్ణయించునది.

ఈ విభాగమును కొలుచుటకు పాశ్చాత్యులు మొదట లోనికి దిగి బయటికి వచ్చిన నీటిని పట్టిరి. జాన్ డాల్టన్ 1796లో మాంచెస్టరునందు మంటితో నింపిన పాత్రను భూమిలో పాతి, దాని అడుగునుండి కారిన నీటిని కొలిచెను. ఇంగ్లండులోని రోథంస్టెడ్ క్షేత్రమున 1870లో 20, 40, 60 అంగుళముల లోతున, అడుగునుండి కారు నీటిని కొలుచు మూడు గేజీలను నిర్మించిరి. మన దేశములో జె. వాల్టర్ లెదర్ అను వ్యవసాయరసాయనశాస్త్రజ్ఞుడు 20వ శతాబ్ది ఆరంభమున కాన్పూరు, పూసాలలో అట్టి పరిశీలనలు జరిపెను. 1911లో ఆస్ట్రేలియాలో గ్రీన్, ఆంప్ట్ అను ఇరువురు, తడి అంచు ఒక ముఖమువలె నేలలో క్రిందికి జరుగునని ఊహించి, ఆ జరుగుదలకు గణితసూత్రము నొసగిరి. 1933లో అమెరికాదేశస్థుడు రాబర్ట్ హోర్టన్ ఈ విషయమునకు జలశాస్త్రములో కేంద్రస్థానమును ఇచ్చెను. నేలకు ఒక్కొక్క క్షణమున ఇంత నీటిని మాత్రమే పుచ్చుకొను శక్తి యుండును. వాన వేగము ఆ శక్తికి లోబడియున్నంతవఱకు నీరంతయు ఇంకును. మించినపుడు మించినంత పైపైన పాఱును. వాన సాగినకొలది ఆ శక్తి క్రమముగా తగ్గి ఒక స్థిరమైన విలువకు చేరును అని అతడు ప్రతిపాదించెను.

తమ్మిలేటి స్వభావమెఱిగిన ఏలూరు ప్రజలకు ఈ సిద్ధాంతము అనుభవములో నిత్యపరిచితము. ఖమ్మము మండలపు ఎత్తుప్రదేశములలో పుట్టి, చింతలపూడి మెట్టమీదుగా దిగి, ఏలూరువద్ద రెండు పాయలై పట్టణమును చుట్టి కొల్లేరు చేరు ఈ ఏరు, తొలకరిలో పెద్దవాన పడినను ఒకొక్కప్పుడు ఇసుకమేటలతోనే యుండును. శ్రావణభాద్రపదములలో అంతకంటె చిన్నవానకే కట్టలు తెగునట్లు వచ్చును. తొలకరినాటికి నేల ఆకలిగొనియుండి వేగముగా త్రాగును. తరువాత తడిసి నిండియుండి తీసికొనలేదు. ఎఱ్ఱనేలల పైపొర వానచినుకుల దెబ్బకు చిట్లి, ఆరి, అట్టకట్టినపుడు ఈ శక్తి మఱింత తగ్గును. కావున అడవియు ఆకుదుబ్బును ఉన్న కొండవాలు నీటిని త్రాగును. బోడియైన వాలు నీటిని పట్టణముమీదికి పంపును.

ఈ శక్తిని పొలములో కొలుచు సాధనము మిక్కిలి సామాన్యమైనది. అడుగును మూతయు లేని రెండు ఇనుపవలయములు, ఒకటి సుమారు 30 సెంటీమీటర్ల వ్యాసము, మఱియొకటి 60 సెంటీమీటర్ల వ్యాసము గలవి, ఒకదానిలో నొకటి యుండునట్లు నేలలోనికి కొట్టి, రెండింటను నీరు పోయుదురు. వెలుపలి వలయపు నీరు ప్రక్కలకు వ్యాపించి లోపలి నీటిని నిలువుగా దిగజేయును. లోపలి వలయములో ఒక కొలబద్ద నుంచి, మొదట నిమిషనిమిషమునకును, తరువాత ఐదు, పది, ముప్పది నిమిషములకును నీటిమట్టము ఎంత తగ్గినదో వ్రాసికొని, తగ్గిన నీటిని మరల నింపుచు, వేగము స్థిరపడువఱకు కొనసాగింతురు. ఆ స్థిరవేగము ఇసుకనేలలో గంటకు 30 మిల్లీమీటర్లకు పైగాను, గరపనేలలో 10 నుండి 20 వఱకును, బంకనేలలో 1 నుండి 5 వఱకును ఉండుట సామాన్యము. 1957లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు జాన్ ఫిలిప్, మొదటి వేగము నేల శోషణశక్తివలననియు, చివరి వేగము భూమ్యాకర్షణవలననియు గణితముచే విడదీసి చూపెను.

కొల్లేటి చుట్టునున్న రేగడిలో ఈ పరీక్ష చేయువాడు ఒక విశేషమును మఱువరాదు. చైత్రవైశాఖములలో ఆ నేల నెఱియలు విచ్చి, అఱచేయి దూరునంత బీటలు వాఱును. అప్పుడు వలయములో పోసిన నీరు బీటలవెంట జాఱిపోయి, ఇది ఇసుకనేల కాబోలునని భ్రమ గొలుపును. కొంతసేపటికి బంక నీరుపట్టి ఉబ్బి, నెఱియలు మూసికొనిన వెనుక, మట్టము దాదాపు కదలదు. కావున ఒక్క గంట పరీక్షతో రేగడిని గూర్చి తీర్పు చెప్పుట అవివేకము. మొదట పెట్టు తడికి కాలువనీరు చాల పట్టుననియు, తరువాతి తడులకు అంత పట్టదనియు శివారు రైతులు చెప్పుటకు కారణమిదే. శివారు చేలకు నీరందుటలేదన్న ఏటేటి విన్నపమునకు, పై రైతుల అక్రమముతోపాటు, ఆరంభమున ఎండిన నేల త్రాగు నీటిని వంతుల లెక్కలో చేర్చకుండుటయు ఒక హేతువు.

నీటిని తెచ్చుటలో చూపిన శ్రద్ధ నీటిని తీసివేయుటలో చూపకపోవుట డెల్టా చరిత్రలో రెండవ అధ్యాయము. ఇంకని నేలకు ఏడాదిలో రెండు పంటల నీరు పెట్టినచో, పైనీరు పోవుటకు మురుగుకాలువలే గతి. అవి పూడిపోయినచో చేలు చెరువులగును. 1964 వరదల తరువాత ఎ. సి. మిత్ర అధ్యక్షతన నిపుణులసంఘము డెల్టాల మురుగుపారుదలను, కొల్లేటి ముంపును పరిశీలించెను. దాని వెన్నంటి 1968లో కృష్ణా గోదావరీ డెల్టాల మురుగుపారుదల సెస్సు చట్టము వచ్చెను. తరువాతి కాలమున, బాపట్ల కేంద్రముగా నెదర్లాండ్సు సహకారముతో కోనంకి, ఉప్పుగుండూరు గ్రామములలో భూమిలోపల రంధ్రములుగల గొట్టములు పఱచి, నిలువనీటిని ఉప్పును తొలగించు ప్రయోగములు జరిగినవి. అట్టి గొట్టముల నడుమ దూరమును నిర్ణయించుటకు డచ్చి శాస్త్రజ్ఞులు అనుసరించు పరీక్ష గమనింపదగినది: నీటిమట్టము క్రిందివఱకు సన్నని బోరు వేసి, అందలి నీటిని తోడివేసి, మరల ఎంతకాలములో ఎంత ఊరునో కొలుతురు. వరాహమిహిరుని గుంటలో నీరు పోవుటను చూచిరి. ఈ గుంటలో నీరు వచ్చుటను చూతురు. నేల చెప్పు సాక్ష్యము మాత్రము ఒక్కటే.

కొల్లేరు ఈ చరిత్రకు సంగమస్థానము. రెండు నదులు తమ తమ డెల్టాలను సముద్రములోనికి చొప్పించినపుడు నడుమ మిగిలిన పల్లమునందు, చుట్టునున్న ఏర్లును కాలువలును మురుగును కలిసి ఈ మంచినీటి సరస్సైనది. బంకయడుగు గల ఈ పల్లమునుండి నీరు సముద్రమునకు పోవుటకు సుమారు 60 కిలోమీటర్ల ఉప్పుటేరే మార్గము. అడుగు త్రాగనందువలననే ఇది సరస్సుగా నిలిచినది. అదే కారణముచేత 1970ల నుండి చేపల చెరువులు త్రవ్వువారిని ఇది ఆకర్షించినది. వరిమడిలో కొంత నీరు దిగినచో వేళ్లకు మేలే. చేపల చెరువుకు దిగిన ప్రతి అంగుళమును నష్టము. గట్లు పెరిగి, వరదనీరు పఱచుకొను చోటు తగ్గి, ఎగువ ఊళ్లు మునిగినవి. 1999లో వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటింపబడి, 2002లో 901 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణముతో రామ్‌సర్ ఒడంబడిక పట్టికలో చేరిన ఈ సరస్సులో, 2006లో అక్రమపు గట్లను ప్రభుత్వమే పగులగొట్టవలసివచ్చినది. ఆ పనివలన జీవనము చెదరిన లంకగ్రామముల బీదజనుల కష్టమును తక్కువగా చెప్పరాదు. గట్టు కట్టినప్పుడును, కూల్చినప్పుడును, వారి అభిప్రాయమునకు దక్కిన విలువ స్వల్పము.

మెల్లగా ఇంకుట యనగా ఇంకకుండుట కాదని కూడ ఇచ్చట చెప్పవలెను. దినమునకు 3 మిల్లీమీటర్లు దిగు చెరువునుండి 300 దినములలో 900 మిల్లీమీటర్ల నీరు భూమిలో చేరును. అది ఉప్పునీటి రొయ్యలచెరువైనచో, ప్రక్కచేనుకును మంచినీటి నూతికిని ఆ ఊట చేయు హాని ఏటేట ప్రోగుపడును. దినపు కొలతలో అల్పమైనది తరపు కొలతలో మహత్తరమగును.

ఈ నడుమ మెట్టలో కథ తలక్రిందైనది. బోరుబావులు లోతునకు పోయి, భూగర్భజలము తగ్గగా, నీటిని నిలుపుటకంటె దింపుట ముఖ్యమైనది. 2000లో ప్రభుత్వము చేపట్టిన నీరు–మీరు కార్యక్రమములో ఇంకుడుగుంట ఇంటింట వినబడు మాటయైనది. 2002లో నీరు, భూమి, చెట్ల పరిరక్షణచట్టము వచ్చినది. ప్రాచీనులు ఏ గుంటలో నీరు తగ్గినచో ఆ స్థలమును విడువుమనిరో, నేడు అట్టి గుంటకొఱకే వెదకుచున్నాము. ఇది పూర్వులను నిరాకరించుట కాదు. ఒకే పరీక్షను మఱియొక ప్రయోజనమునకు వినియోగించుట. మెట్టలోని తోటలకును ఈ కొలతతో పని కలదు. శాలంకాయనరాజుల రాజధానియైన వేంగి నేటి పెదవేగి. అచ్చట 1995లో ఆయిల్‌పామ్ జాతీయపరిశోధనకేంద్రము వెలసినది. చుట్టునున్న తోటలకు బిందుసేద్యపు గొట్టమునుండి గంటకు ఎన్ని లీటర్లు వదలవలెనో, ఏ మోతాదున నేల త్రాగునో, ఏ మోతాదు దాటినచో నీరు వేళ్లకు దిగువను వృథాయగునో నిర్ణయించునది ఈ వేగమే. తాడేపల్లిగూడెముచేరువ వేంకటరామన్నగూడెమున 2007లో స్థాపింపబడిన ఉద్యానవిశ్వవిద్యాలయమునకు ఈ సీమ ఒక సహజప్రయోగశాల. ఇంత స్వల్పదూరములో ఇన్ని విధముల నేలలు లభించు చోట్లు అరుదు.

అయినను ఇంకుడుగుంటలు చాలచోట్ల ఒకే కొలతతో, ఒకే నమూనాతో త్రవ్వబడినవి. ద్వారకాతిరుమలవైపు ఇసుకరాతినేలలో ఫలించు గుంట, కైకలూరువైపు బంకనేలలో దోమలకు నిలయమగును. త్రవ్వుటకు ముందు ఒక్క పూట నీరు పోసి చూచినచో తేలిపోవు విషయమునకు, ప్రజాధనమును శ్రమదానమును వ్యయపఱచుట న్యాయము కాదు. అమెరికాలో 1926లోనే హెన్రీ రియాన్ అను ఇంజనీరు, మరుగుదొడ్ల మురుగునీటిని నేలలో ఇంకించుటకు ముందు, అడుగు చదరపు గుంటలో నీరు అంగుళము తగ్గుటకు ఎంతసేపు పట్టునో చూడవలెనని పద్ధతి నేర్పఱచెను. ఆ గుంటకు ఖర్చు లేదు, ఓపిక మాత్రమే కావలెను.

2015లో దేశమంతటను ఆరంభించిన భూసారకార్డు ఒక గొప్ప ప్రయత్నము. దానిలో నత్రజని, భాస్వరము, పొటాషులు మొదలుకొని జింకు, బోరాను వఱకును, ఉదజనిసూచిక, లవణసాంద్రత, సేంద్రియకర్బనములును కలిసి పండ్రెండు అంశములు కలవు. వాటిలో నీరింకు వేగము లేదు. నేలలో ఏ పోషకమున్నదో రైతునకు చెప్పుచున్నాము. ఆ పోషకమును వేరునకు చేర్చు నీరు ఆ నేలలో ఎట్లు నడచునో చెప్పుటలేదు. మంటిని సంచిలో నింపి ప్రయోగశాలకు పంపినచో రసాయనాంశములు తెలియును గాని, ఈ వేగము తెలియదు. త్రవ్వి తీసిన మన్నులో దాని రంధ్రములు చెదరిపోవును. ఇది పొలములోనే, నేల ఉన్నది ఉన్నట్లుగా నుండగా, కొలువవలసిన గుణము. ఇందులకు రెండు వలయములు, ఒక కొలబద్ద, ఒక గడియారము, ఒక దినపు శ్రద్ధ చాలును. ఉన్నతపాఠశాల విద్యార్థులు సయితము ఉపాధ్యాయుని పర్యవేక్షణలో దీనిని చేయగలరు. మెట్టన నాలుగుచోట్ల, కాలువ గట్టుచెంత నాలుగుచోట్ల, కొల్లేటి అంచున నాలుగుచోట్ల, వేసవిలో ఒకమాఱును వానలు వెలిసినవెనుక ఒకమాఱును కొలిచి, గ్రామపంచాయతీ దస్త్రములో సర్వే నంబరునకు ఎదురుగా వ్రాసియుంచినచో, ఏ చేనికి ఏ పంట తగును, ఎచ్చట ఇంకుడుగుంట ఫలించును, ఎచ్చట చెరువు త్రవ్వనీయరాదు అను ప్రశ్నలు పలుకుబడితోగాక ప్రమాణముతో తీరును. భూసారకార్డులో పదమూడవ అంశముగా ఈ వేగమును చేర్చుటకు ఏలూరు సీమకంటె తగిన ఆరంభస్థానము లేదు. పల్లమునకు మురుగునీటి బాధను, మెట్టకు నీటిచింతను ఒకే వానకాలములో అనుభవించుచున్న ప్రజలకు ఆ సంఖ్యను కోరు హక్కు కలదు.